ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి

స్విట్జర్లండు దేశపు ఉత్తర భాగమున వింటర్‌టూర్ అను పట్టణము గలదు. మంచుకొండలకును, గడియారములకును పేరువడసిన ఆ దేశమున ఈ పట్టణము మాత్రము యంత్రములకు పేరువడసినది. 1834వ సంవత్సరమున సుల్జర్ సోదరులు అచట నొక కర్మాగారమును స్థాపించిరి. అందు మొదట పోతపని జరిగెను. పిమ్మట ఆవిరి యంత్రములు, అటుపిమ్మట డీజిలు ఇంజనులు తయారైనవి. ఆ కర్మాగారమున ఉన్నతోద్యోగిగా నుండిన యోహాన్ బ్యూఖి యనునాతనికి 1879వ సంవత్సరము జూలై 11వ తేదీన ఒక కుమారుడు జన్మించెను. అతడే ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి.

ఆ సంవత్సరముననే అచట మరియొక విశేషము జరిగినది. మ్యూనిక్ నగరమున చదువుకొనుచుండిన రుడాల్ఫ్ డీజిల్ అను యువకుడు విషజ్వరము వలన తుది పరీక్షకు పోజాలక, మరల పరీక్ష జరుగువరకు పని నేర్చుకొను నిమిత్తము వింటర్‌టూర్ వచ్చి సుల్జర్ కర్మాగారమున చేరెను. తరువాతి కాలమున తన పేరుతోనే ప్రసిద్ధికెక్కిన ఇంజనును నిర్మించినవాడు ఇతడే. ఆ ఇంజనునకు మరింత బలము చేకూర్పవలసినవాడు అప్పుడు అదే యూర ఉయ్యాలలో నుండెను.

బ్యూఖి బాల్యము కొంత వింటర్‌టూర్ నందును, కొంత జర్మనీలో రైన్ నదీతీరమందలి లుడ్‌విగ్స్‌హాఫెన్ నందును గడచెను. 1899వ సంవత్సరమున అతడు జ్యూరిచ్ నగరమందలి సమాఖ్య పాలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశించి యంత్రనిర్మాణ శాస్త్రము నభ్యసించెను. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పట్టము పొందినదియు ఈ విద్యాలయముననే. 1903లో బ్యూఖి పట్టభద్రుడై బెల్జియము, ఇంగ్లండు దేశములకు పోయి ఇంజనీరుగా పని చేసెను. అప్పటికి డీజిల్ ఇంజను లోకమునకు క్రొత్త. 1897లో పరీక్షింపబడిన ఆ ఇంజను ఇంధనమందలి వేడిమిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చి పండితులను ఆశ్చర్యపరచెను. ఆనాటి ఆవిరి యంత్రములలో నేదియు దానికి సాటి రాలేదు. అందరును ఆ 26 పాళ్లను చూచి మెచ్చుకొనుచుండగా, బ్యూఖి దృష్టి మిగిలిన 74 పాళ్లపై నిలిచెను. అవి ఏమగుచున్నవి? కొంత వేడిమి ఇంజనును చల్లార్చు నీటిలో కలియుచున్నది. చాల భాగము పొగగొట్టము గుండ వెలుపలికి పోవుచున్నది. ఈ ప్రశ్నయే అతని జీవితమును నడపెను.

బ్యూఖి సాధించిన కార్యమును గ్రహింపవలెనన్న ఇంజను పనిచేయు విధమును కొంత తెలిసికొనవలెను. ఇంజనునందు సిలిండరు అను గుండ్రని గొట్టము ఉండును. దానిలో పిస్టను క్రిందికిని మీదికిని కదలుచుండును. పిస్టను మొదటిసారి క్రిందికి దిగునపుడు గాలి లోనికి వచ్చును. పిదప అది మీదికి లేచునపుడు ఆ గాలి అణగద్రొక్కబడి వేడెక్కును. అప్పుడు ఇంధనము మండి, వాయువులు వ్యాకోచించి పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. ఇంజను చేయు పనియంతయు ఈ నెట్టుటయందే కలదు. తుదకు పిస్టను మరల మీదికి వచ్చుచు కాలిన వాయువులను వెలుపలికి త్రోసివేయును. గాలి వచ్చు దారికి ఒకటి, పొగ పోవు దారికి ఒకటి చొప్పున తలుపులవంటి కవాటములు ఉండి, తగిన సమయమున తెరచుకొనుచు మూసికొనుచు నుండును.

ఇంజను బలము ఎక్కువ కావలెనన్న ఎక్కువ ఇంధనమును మండింపవలెను. కాని ఇంధనమును పోసినంత మాత్రమున అది మండదు. కమ్మరి కొలిమిలో ఎంత బొగ్గు పోసినను తిత్తి ఊదనిచో నిప్పు రాజదు గదా! ఇంజను సంగతియు నట్టిదే. ఒక పాలు పెట్రోలు చక్కగా దహనమగుటకు తూకమున సుమారు 15 పాళ్ల గాలి కావలెను. గాలి చాలనిచో మిగిలిన ఇంధనము నల్లని పొగయై వృథాగా పోవును. కావున ఇంజను బలమునకు హద్దు దాని ఊపిరియే. ఎక్కువ ఊపిరి కావలెనన్న సిలిండరులను పెద్దవి చేయవలెను. లేదా వాని సంఖ్యను పెంచవలెను. అట్లు చేసిన బరువు పెరుగును, ఖర్చు పెరుగును, స్థలము చాలదు.

దీనికి మరియొక ఉపాయము లేకపోలేదు. గాలిని ముందే అణచి, చిక్కపరచి సిలిండరులోనికి పంపినచో, అదే చోట ఎక్కువ గాలి పట్టును. గాట్లీబ్ డైమ్లర్ అను జర్మను ఇంజనీరు 1885లోనే ఈ యుపాయమునకు పేటెంటు హక్కు పొందెను. ఐతే గాలిని అణచుటకు ఒక పంపు కావలెను. ఆ పంపును త్రిప్పుటకు బలము కావలెను. ఆ బలమును ఇంజనే ఇయ్యవలసియున్నచో, ఒక చేత నిచ్చినది రెండవ చేత పుచ్చుకొనినట్లగును.

ఇచటనే బ్యూఖికి ఒక గొప్ప యోచన తోచెను. పొగగొట్టము గుండ వేడిమితోను, వేగముతోను వెలువడు వాయువులు ఊరక పోవుచున్నవి. వాని దారిలో రెక్కల చక్రము నొకదానిని నిలిపినచో అవి దానిని త్రిప్పును. అట్టి చక్రమునే టర్బైను అందురు. అదే ఇరుసునకు రెండవ కొనయందు మరియొక రెక్కల చక్రమును బిగించినచో, అది కూడ తిరుగుచు బయటి గాలిని పీల్చి, అణచి, ఇంజనులోనికి పంపును. ఇంజను తన బలములో నుండి పంపునకు నేరుగా పాలు పంచనక్కరలేదు. పారవేయబడు వస్తువే పని చేయును. ఈ సాధనమునకే నేడు టర్బోఛార్జరు అని పేరు. 1905వ సంవత్సరము నవంబరు 16వ తేదీన బ్యూఖి ఈ యోచనకు జర్మనీలో పేటెంటు దరఖాస్తు పెట్టెను. అప్పటికి అతని వయస్సు 26 సంవత్సరములు.

యోచన సరియైనదే. ఐనను కాగితముపై గీసిన యంత్రమునకును, ఇనుముతో చేసిన యంత్రమునకును నడుమ ఎంత దూర మున్నదో బ్యూఖి క్రమముగా తెలిసికొనవలసి వచ్చెను. అతని మొదటి పథకమున గాలిని అణచు చక్రమును, డీజిలు ఇంజనును, టర్బైనును ఒకే ఇరుసుపై కూర్పబడియుండెను. అనగా మూడును ఒకే లయలో తిరుగవలెను. ఇంజను ఒక వేగమున చక్కగా పని చేయును. రెక్కల చక్రములు అంతకు ఎన్నో రెట్లు వేగమున తిరిగిననే గాని ఫలమియ్యవు. ఎద్దును, గుఱ్ఱమును ఒకే కాడికి కట్టినట్లు ఆ కూర్పు ఇరువైపుల వారికిని ఇబ్బందియే.

బ్యూఖి స్వదేశమునకు మరలివచ్చి సుల్జర్ కర్మాగారమున చేరి, డీజిలు ఇంజనుల పరిశోధనకు పెద్ద యయ్యెను. 1911లో ఆ సంస్థ ఇట్టి ప్రయోగములకై ప్రత్యేకముగా ఒక శాల నేర్పరచెను. అచట కష్టములు ఒకదాని వెంట నొకటి ఎదురైనవి. పొగవాయువుల వేడిమికి తాళి, మహావేగమున తిరుగుచు, చెడక నిలుచు లోహములు ఆ కాలమున అరుదు. గాలిని అణచు చక్రములు కూడ ఆనాటికి పరిపక్వ స్థితిని పొందలేదు. అవి తీసికొనిన బలములో చాల భాగము గాలిని అణచుటకు గాక దానిని వృథాగా వేడిచేయుటకే సరిపోవుచుండెను. టర్బైను ఎంత ఇచ్చునో పంపు అంతయు మ్రింగివేసినచో ఇంజనునకు మిగులునది ఏమి?

1915లో బ్యూఖి ఒక నమూనా యంత్రమును సిద్ధపరచెను. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును. సముద్రమట్టమున నున్న పీడనము సుమారు 5,500 మీటర్ల ఎత్తున సగమగును. అచట ఇంజను కూడ ఊపిరాడని మనుష్యునివలె నీరసించును. ఆ లోపమును తీర్చుటయే ఈ నమూనా ఉద్దేశము. కాని అది గాలి పీడనమును నిలుకడగా నిలుపజాలకపోయెను. చూచినవారు దానిని ఆదరింపలేదు. ఆనాటి జర్మను చట్టము ప్రకారము పేటెంటు హక్కుకు గడువు 15 సంవత్సరములు. ఆ లెక్కను 1905లో కోరిన హక్కు 1920తో తీరును. గడువు గడచుచుండెను, యంత్రము మాత్రము పని చేయలేదు. తన యోచనను లోకము అంగీకరించునప్పటికి దానిపై తనకు హక్కే లేకుండ పోవుననెడి స్థితి బ్యూఖికి దాపురించెను.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము సాగుచుండెను. విమానములు ఎత్తున ఎగురవలసి వచ్చుటచే ఇతర దేశములవారును ఈ మార్గమునకే వచ్చిరి. ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో అను ఇంజనీరు విమానపు ఇంజనులకు టర్బోఛార్జరులను అమర్చెను. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను శాస్త్రజ్ఞుడు 1918లో లిబర్టీ అను విమానపు ఇంజనును లారీపై ఎక్కించి, 14,000 అడుగులకు మించిన ఎత్తుగల పైక్స్ పీక్ అను పర్వత శిఖరమునకు కొనిపోయి పరీక్షించెను. పల్లమున 350 అశ్వశక్తి నిచ్చిన ఆ ఇంజను శిఖరముపై 230 అశ్వశక్తికి దిగిపోయెను. టర్బోఛార్జరును తగిలింపగా అదే శిఖరముపై 356 అశ్వశక్తి నిచ్చెను. బ్యూఖి త్రోవ తప్పలేదని ఈ పరీక్షలు చాటినవి. కాని విమానపు ఇంజను కొలది గంటలు పనిచేసిన చాలును. సంవత్సరముల తరబడి రాత్రింబగళ్లు నడువవలసిన ఓడల ఇంజనులకును, విద్యుత్కేంద్రముల ఇంజనులకును ఈ సాధనము ఉపయోగపడునా యను ప్రశ్న అట్లే నిలిచియుండెను.

బ్యూఖి తన పథకమును విడువలేదు. అట్లని దానిని పట్టుకొని వ్రేలాడనును లేదు. మొదటి నుండి దానిని శోధించి, తప్పిన చోట్ల మార్చెను. టర్బైనును, గాలిచక్రమును ఇంజను ఇరుసు నుండి విడదీసి, వానికి వేరుగా తమ ఇరుసు నేర్పరచెను. ఇప్పుడవి తమకు తగిన వేగమున తాము తిరుగవచ్చును. ఇంజను ఎక్కువ పని చేయునపుడు పొగ ఎక్కువై చక్రము వేగము పెరుగును. పని తగ్గినపుడు దానంతట నదియే తగ్గును.

పిమ్మట అతడు కవాటములను పరిశీలించెను. పిస్టను పైకి వచ్చి పొగను త్రోసివేసినను, సిలిండరు తలలో కొంత కాలిన వాయువు మిగిలియుండును. ఆ మిగులు ఉన్నంత వరకు క్రొత్త గాలికి అంత చోటు తక్కువ. పొగ కవాటము మూసికొనక ముందే గాలి కవాటమును తెరచి, రెండింటిని కొంతసేపు తెరచియుంచినచో, అణచబడి వచ్చు క్రొత్త గాలి ఒక వైపు నుండి వచ్చి ఆ మిగులును రెండవ వైపునకు ఊడ్చివేయును. ఇల్లు ఊడ్చునపుడు ఎదురెదురు తలుపులు తెరచినట్లే యిది. ఆ గాలి కవాటములను, సిలిండరు తలను చల్లబరచును గూడ. వేడిమి వలన లోహములు చెడుట అనెడి మొదటి కష్టమునకు ఇది కొంత విరుగుడు.

అయితే ఊడ్చుగాలి ముందుకు పోవలెనన్న, ఆ క్షణమున పొగగొట్టమందలి పీడనము గాలిగొట్టమందలి పీడనము కంటె తక్కువగా నుండవలెను. ఇంజనున పెక్కు సిలిండరులు గలవు. అన్నియు ఒకే గొట్టములోనికి పొగను వదలుచున్నవి. ఒక సిలిండరులో గాలి ఊడ్చుచుండగా ప్రక్కదాని కవాటము తెరచుకొని పొగ ఒక్క పెట్టున వెలువడును. అది మొదటిదానిలోనికి ఎదురు తన్నును. ఇరుకు సందున రెండు బండ్లు ఎదురుపడినట్లగును.

బ్యూఖి దీనికి కనుగొనిన పరిష్కారము మిక్కిలి సులభముగా కనబడును, కనుగొనుటయే కష్టము. అతడు పొగగొట్టములను విభజించెను. ఒకదాని పనికి ఒకటి అడ్డురాని సిలిండరులను మాత్రమే ఒక గొట్టమున చేర్చి, ప్రతి గొట్టమును టర్బైనునకు వేర్వేరుగా కొనిపోయెను. అందువలన పొగ యొక్క ప్రతి పెల్లును నేరుగా రెక్కలను తాకి బలముగా త్రిప్పును. ఒక పెల్లునకును మరియొక పెల్లునకును నడుమ గొట్టమున పీడనము తగ్గును. ఆ విరామమున క్రొత్త గాలి సిలిండరును శుభ్రపరచును. 1925లో బ్యూఖి ఈ పద్ధతికి తన పేరనే స్విట్జర్లండులో పేటెంటు దరఖాస్తు పెట్టెను. మొదటి యోచన కలిగి అప్పటికి 20 సంవత్సరములైనది.

ఇంతలో సాధనములను నిర్మించువారును సిద్ధపడిరి. బాడెన్ పట్టణమందలి బ్రౌన్ బోవెరి సంస్థకు ఆవిరి టర్బైనుల నిర్మాణమున మంచి అనుభవము కలదు. 1924లో ఆ సంస్థ డీజిలు ఇంజనుకై తన మొదటి టర్బోఛార్జరును తయారు చేసెను. ఆ కాలముననే జర్మను ప్రభుత్వము బాల్టిక్ సముద్రమున ప్రయాణికుల కొరకు ప్రాయ్‌సెన్, హాన్సెస్టాట్ డాంజిగ్ అను రెండు ఓడలను కట్టించుచుండెను. వానికి పది సిలిండరుల డీజిలు ఇంజనులను అమర్చిరి. బ్యూఖి పర్యవేక్షణమున ఆ ఇంజనులకు టర్బోఛార్జరులు కూర్పబడెను. టర్బోఛార్జరు లేనిచో ఒక్కొక్క ఇంజను ఇయ్యగల బలము 1,750 అశ్వశక్తి. కూర్చిన పిమ్మట అది 2,500 అశ్వశక్తి ఆయెను. సిలిండరులు పెరుగలేదు. ఓడలో ఇంజను ఆక్రమించు చోటు పెరుగలేదు. బలము మాత్రము నూటికి 40 పాళ్లకు మించి పెరిగెను. నడిసముద్రమున ప్రయాణికులను మోయు ఓడలలో ఈ సాధనము నమ్మకముగా పనిచేయుటతో ఇరువది యేండ్ల సందేహములు తీరినవి.

1926లో బ్యూఖి సుల్జర్ కర్మాగారపు ఉద్యోగమును వదలి, తన పేరనే ఏర్పడిన క్రొత్త సంఘమున చేరెను. ఆ సంఘమున ముగ్గురు భాగస్వాములు. ఇంజనీరింగు పనియు, కొనుగోలుదారులతో వ్యవహారమును బ్యూఖివి. డీజిలు ఇంజనులు హాంబర్గు నందలి వుల్కాన్ నౌకానిర్మాణ సంస్థవి. టర్బోఛార్జరులు బ్రౌన్ బోవెరి సంస్థవి. ఒక్కని తలలో పుట్టిన యోచన ముగ్గురి చేతులలో పడి లోకమున వ్యాపించెను. క్రమముగా ఓడలు, రైలు ఇంజనులు, విద్యుత్కేంద్రములు ఈ పద్ధతిని గ్రహించినవి. 1938లో స్విట్జర్లండు నందలి సౌరర్ సంస్థ టర్బోఛార్జరు గల లారీ ఇంజనును నిర్మించి ఈ సాధనమును రహదారి మీదికి తెచ్చెను. ఆ సంవత్సరముననే జ్యూరిచ్ విద్యాలయము తన పూర్వ విద్యార్థియైన బ్యూఖికి గౌరవ డాక్టరు పట్టమును ప్రసాదించెను. 1959వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన, తన 80వ యేట, బ్యూఖి తాను పుట్టిన వింటర్‌టూర్ పట్టణముననే కన్నుమూసెను.

అతడు మరణించునాటికి టర్బోఛార్జరు ఓడలకును, లారీలకును చేరెను గాని, సామాన్యులు కొను కారులకు చేరలేదు. దానికి కారణము కలదు. డీజిలు ఇంజను మొదట గాలిని మాత్రమే అణచును; ఇంధనము తరువాత చిమ్మబడును. కావున గాలి ఎక్కువైనను ఇంధనము వేళకు ముందు మండదు. పెట్రోలు ఇంజనున అట్లు గాదు. అందు పెట్రోలును గాలియు ముందే కలసియుండును. ఆ మిశ్రమమును మితిమీరి అణచినచో, అగ్నికణము వెలిగించిన మంట వ్యాపించులోపలనే మిగిలిన మిశ్రమము తనంతట తానే ఒక్కసారిగా మండి, సుత్తితో కొట్టినట్లు ధ్వని కలిగించును. దీనిని నాకింగు అందురు. అది హెచ్చినచో పిస్టనులు పగులును. మరియు ఓడ గంటల తరబడి ఒకే వేగమున పోవును. కారు అట్లు గాదు. సందులలో ఆగుచు, మలుపులలో తగ్గుచు, మరల వేగమందుకొనుచు పోవును. అట్టి మార్పులకు రెక్కల చక్రము వెంటనే లొంగదు.

బ్యూఖి మరణించిన మూడేండ్లకు, 1962లో, అమెరికాలో టర్బోఛార్జరు గల రెండు కారులు విపణికి వచ్చినవి. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అను కారులో ఇంజను అణచు ప్రమాణమును తగ్గింపక, నాకింగును నివారించుటకు నీరును, మిథైల్ ఆల్కహాలును కలిపిన ద్రవమును గాలితో పాటు లోనికి పంపిరి. ఆ ద్రవము అయిపోయినప్పుడెల్ల యజమాని మరల పోయవలెను. పెక్కుమంది మరచిరి. షెవర్లే కోర్వేర్ అను రెండవ కారులో అట్టి ద్రవము లేదు. ఇంజనే గాలిని అణచు ప్రమాణమును కొంత తగ్గించిరి. మొదటి మార్గమున బలమెక్కువ, జాగ్రత్త యెక్కువ. రెండవ మార్గమున నెమ్మది యెక్కువ. టర్బోఛార్జరును తగిలించినంత మాత్రమున చాలదనియు, గాలి ఎంత రావలెను, ఇంధనము ఎంత పోవలెను, నిప్పు ఎప్పుడు వెలుగవలెను అనువానిని అన్నిటిని కలిపి నియమింపవలెననియు ఈ రెండు కారులు నేర్పినవి.

అటుపిమ్మట ఒక్కొక్క చిక్కు విడివడెను. పొగ మితిమీరినపుడు కొంత పొగను చక్రమునకు తాకనీయక ప్రక్కదారిని పంపు తలుపును అమర్చిరి. స్వీడను దేశపు సాబ్ సంస్థ 1977లో చూపిన కారులో ఈ తలుపుతోపాటు చిన్న చక్రము ఉండెను. చిన్న చక్రము త్వరగా వేగమందుకొనును. దాని వేగము హద్దు దాటనీయక తలుపు కాపాడును. మరియొక సంగతి. సైకిలునకు గాలి కొట్టిన బాలబాలికలందరు ఎరిగినదే. పంపు క్రింది భాగము వేడెక్కును. అణచిన గాలి వేడెక్కుటయే దానికి ముఖ్య కారణము. వేడెక్కిన గాలి పలుచబడును. పలుచబడిన గాలి అదే చోట తక్కువ పట్టును. మీదు మిక్కిలి నాకింగునకు దారి తీయును. కావున టర్బోఛార్జరునకును ఇంజనునకును నడుమ రేడియేటరు వంటి చల్లార్చు సాధనమును నిలిపి, గాలిని చల్లబరచి పంపుచున్నారు. దీనిని ఇంటర్‌కూలరు అందురు. గాలి వచ్చు గొట్టము ఎంత పొడవుండవలెను, ఎంత వెడల్పుండవలెను, ఎచటి నుండి చల్లని గాలిని గ్రహింపవలెను అనునవియు బలమును పెంచునవే, తగ్గించునవే.

నేటి కారులలో ఈ నియామకమంతయు ఒక చిన్న కంప్యూటరు చేయుచున్నది. లోనికి వచ్చు గాలి ఎంత, దాని వేడి ఎంత, ఇంజను వేగ మెంత అనువానిని చిన్న పరికరములు క్షణక్షణము కొలిచి దానికి తెలుపును. నాకింగు ధ్వని మొదలగునేమో యని వినుటకు గూడ ఒక పరికరము కలదు. వానిని బట్టి ఆ కంప్యూటరు ఇంధనమును కొలిచి చిమ్మించును. నిప్పును ముందుకో వెనుకకో జరుపును. ప్రక్కదారి తలుపును తెరచును, మూయును. గాలిని అణచు చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగుచున్నను, కారు నడపువానికి ఏమియు తెలియదు.

మన దేశమునకును ఈ సాధనము రైలు ఇంజనులతో చిరపరిచితమైనది. 1962లో అమెరికా నుండి వచ్చి, 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.యం.2 తరగతి డీజిలు రైలింజనులలో 16 సిలిండరుల టర్బోఛార్జరు ఇంజను ఉండెను. దాని బలము 2,600 అశ్వశక్తి. కాజీపేట, గుత్తి లోకోషెడ్లలో దశాబ్దముల పాటు ఈ తరగతి ఇంజనులకు మరమ్మతులు జరిగినవి. బండి కదలునపుడు ఇంజను గర్జనతో కలసి వినవచ్చిన సన్నని ఈలవంటి ధ్వని ఈ చక్రముదే. ప్లాట్‌ఫారముపై నిలిచి ఆ ధ్వనిని విన్నవారిలో బ్యూఖి పేరు ఎరిగినవారు ఎందరో చెప్పజాలము.

బ్యూఖి క్రొత్త ఇంధనమును కనుగొనలేదు; క్రొత్త ఇంజనును కనుగొనలేదు. అందరును పొగయని విడిచినదానిలో బలమున్నదని 26వ యేట గ్రహించెను. ఆ గ్రహణము ఒక్క క్షణపు పని కావచ్చును. దానిని నిజము చేయుటకు మాత్రము అతనికి ఇరువది సంవత్సరములు పట్టెను. ఆ యిరువది సంవత్సరములలో అతడు తన మొదటి చిత్రపటమును తానే చెరిపివేసి, ఇరుసును మార్చెను, కవాటముల వేళలను మార్చెను, గొట్టముల దారులను మార్చెను. పొగ వృథా పోరాదను మూల భావము నొక్కదానిని మాత్రము మార్చలేదు. ఏది విడువవలెనో, ఏది విడువరాదో తెలిసికొనుటయే అతని విజయ రహస్యము. నేడు రహదారిపై భారముతో మెట్ట నెక్కు ప్రతి లారీయు, రేవును విడిచి సముద్రమున ప్రవేశించు ప్రతి పెద్ద డీజిలు ఓడయు వింటర్‌టూర్ పట్టణపు ఆ ఇంజనీరు దీక్షకు సాక్ష్యము పలుకుచున్నవి.